పేరు తెలియకుండానే పోయిన సొమ్ము

2025 ఏప్రిల్ 22న కెనడాలో లక్షలాది కుటుంబాల బ్యాంకు ఖాతాల్లో కార్బన్ రిబేటు ఆఖరి విడత పడింది. ఆ రిబేటుకు మూలమైన పన్ను అప్పటికి మూడు వారాల ముందే, ఏప్రిల్ 1న పోయింది. బంకుల్లో ధర తగ్గిందని జనం సంతోషించారు. మూడు నెలలకొకసారి తమ చేతికొచ్చే డబ్బు కూడా దాంతోపాటే పోతోందని బాధపడినవాళ్లు తక్కువ. సామాన్యుడి ఇంటికి మేలు చేసిన ఏర్పాటు ఒకటి ఆ ఇంట్లోవాళ్లు అయ్యో అనకుండానే కాలగర్భంలో కలిసిపోయింది.

ఎక్కడి మన ఊరు జలదంకి, ఎక్కడి కెనడా అని అనుకోవద్దు. కావలి, ఉదయగిరి, ఆత్మకూరు పక్కల నుంచి వెళ్లిన పిల్లలు ఇవాళ టొరంటో చుట్టుపక్కలా, కాల్గరీలోనూ కాపురాలు చేసుకుంటున్నారు. ఆ డబ్బు వాళ్ల ఇళ్లకూ వచ్చింది, వాళ్ల ఇళ్ల నుంచీ పోయింది. అదీగాక, ఇలాంటి సొమ్ము ఒకటి మన ఊళ్లో కూడా ఇలాగే పోయింది.

కథ మొదటి నుంచి చెప్పుకుందాం. బొగ్గు, పెట్రోలు, గ్యాసు తగలబెడితే వచ్చే పొగకు ఒక ధర ఉండాలని ఆర్థికవేత్తలు చాలా కాలంగా చెబుతున్నారు. ధర ఉంటే వాడకం తగ్గుతుంది. కానీ ఆ ధర పేదవాడి నడ్డి విరుస్తుంది గదా అన్న ప్రశ్నకు కెనడా ఒక జవాబు వెతికింది. 2018లో పార్లమెంటు చట్టం చేసింది. 2019 ఏప్రిల్ 1 నుంచి ఒంటారియో, మానిటోబా, సస్కాచెవాన్, న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రాల్లో టన్ను కార్బన్‌కు 20 డాలర్ల లెక్కన ఇంధనంపై పన్ను మొదలైంది. 2020 జనవరిలో ఆల్బెర్టా వచ్చి చేరింది. ఏటేటా రేటు పెరుగుతూ 2024 ఏప్రిల్‌కు 80 డాలర్లయింది. వసూలైన దాంట్లో సుమారు 90 శాతం తిరిగి కుటుంబాలకే పంచారు.

ఆ పంపకంలోనే దాని గొప్పతనం ఉంది. ఎవరు ఎంత ఇంధనం తగలబెడితే అంత పన్ను కట్టేవారు. తిరిగొచ్చేది మాత్రం ఒక రాష్ట్రంలో ఒకే సైజు కుటుంబాలన్నింటికీ సమానం, పల్లెల్లో ఉన్నవాళ్లకు దానిపై కొంత అదనం. 2024–25లో ఒంటారియోలో కుటుంబ పెద్దకు 560 డాలర్లు, జీవిత భాగస్వామికి 280, ఒక్కో బిడ్డకు 140. నలుగురున్న ఇంటికి ఏడాదికి 1,120 డాలర్లు, అంటే మూడు నెలలకొకసారి 280. ఆల్బెర్టాలో అదే కుటుంబానికి 1,800.

ఒక మామూలు ఇంటి లెక్క వేసి చూడండి. లీటరు పెట్రోలుపై పన్ను 17.6 సెంట్లు. వారానికి 50 లీటర్లు కొట్టించే ఇంటికి ఏడాదికి దాదాపు 458 డాలర్లు. చలికాలం ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి ఏటా 2,200 ఘనపు మీటర్ల గ్యాసు కాలిస్తే, ఘనపు మీటరుకు 15.25 సెంట్ల చొప్పున 336 డాలర్లు. రెండూ కలిపి 794. దాని మీద ఒంటారియో 13 శాతం అమ్మకపు పన్ను కూడా వేస్తే 900 డాలర్లకు లోపే. తిరిగొచ్చింది 1,120. సరుకుల ధరల్లో పరోక్షంగా పడే భారం కొంత తీసేసినా ఆ ఇంటికి నష్టం లేదు. పెద్ద పెద్ద బంగళాలు, ఇంటికి మూడేసి కార్లు ఉన్నవాళ్లు కట్టింది ఎక్కువ, వచ్చింది తక్కువ. బస్సెక్కి పనికి పోయేవాడికీ, బేస్‌మెంటులో అద్దెకుండే కుర్రవాడికీ చేతిలో నికరంగా డబ్బు మిగిలేది. చదువుకోను వెళ్లిన పిల్లలు సైతం పందొమ్మిదేళ్లు నిండి, పన్ను లెక్కల్లో అక్కడి నివాసిగా తేలితే, రిటర్ను వేసుకుని తీసుకునే వీలుండేది.

ఇంత మంచి ఏర్పాటుకు పేరే సరిగ్గా నిలవలేదు. మొదట్లో దాన్ని ‘క్లైమేట్ యాక్షన్ ఇన్సెంటివ్’ అన్నారు. విడిగా ఇవ్వకుండా ఏడాదికోసారి ఆదాయపు పన్ను రిటర్నులో కలిపేశారు. రిటర్ను డబ్బులొచ్చాయని తప్ప అందులో ఇదెంతో చూసుకున్నవాళ్లు అరుదు. 2022 జులై నుంచి మూడు నెలలకోసారి నేరుగా ఖాతాలో వేయడం మొదలుపెట్టారు. ఆ జమ ఒక్కో బ్యాంకు స్టేట్‌మెంటులో ఒక్కో పొట్టి పేరుతో పడేది. కొన్నింటిలో ప్రభుత్వం నుంచి వచ్చిందన్న వరకే తెలిసేది.

మా పెద్దమ్మ జలదంకిలో ఉంటుంది. వాళ్లబ్బాయి ఒంటారియోలో. ఒకసారి ఫోన్లో వాళ్ల మాటలు నేను పక్కనే కూర్చుని విన్నాను.

“రెండొందల ఎనబై డాలర్లు పడ్డాయి మా ఈరోజు.”

“యాడివి నాయనా? జీతమా?”

“జీతం కాదుమా. గవర్నమెంటోళ్లు ఏసినట్టుండారు.”

“ఎందుకేశారో కనుక్కోబళ్లా?”

“పడ్డాయి గదా, ఎందుకైతే ఏంది మా.”

చదువుకున్నవాడు, ఉద్యోగస్తుడు. వాడి తప్పేమీ లేదు. ఎందుకిస్తున్నామో ఇచ్చేవాళ్లు చెప్పలేదు. బంకులో ప్రతి లీటరుకూ పన్ను కడుతున్న సంగతి మాత్రం ప్రతిపక్షం రోజూ గుర్తుచేసింది.

పతనం అక్కడే మొదలైంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో పెట్రోలు ధర ఎగబాకింది, బియ్యం నుంచి ఇంటి అద్దె దాకా అన్నీ పెరిగాయి. ఆ పెరుగుదలలో కార్బన్ పన్ను వాటా చిన్నది. అయినా ఏటా ఏప్రిల్ 1న తన వంతు తాను పెరుగుతూ కళ్లకు కనిపించేది అదే. కన్జర్వేటివ్ నాయకుడు పియెర్ పొయిలీవ్ర ఆ పన్నును గొడ్డలితో నరికేస్తామన్న ఒక్క నినాదాన్ని ఊరూరా తిప్పాడు. సుప్రీంకోర్టు 2021 మార్చిలో చట్టాన్ని సమర్థించింది నిజమే. కోర్టు చట్టాన్ని నిలబెట్టగలదు గానీ జనం మనసులో నమ్మకాన్ని నిలబెట్టలేదు.

ఆ నమ్మకానికి మొదటి పెద్ద దెబ్బ తగిలింది ప్రభుత్వం చేతుల్లోనే. 2023 అక్టోబర్ 26న ప్రధాని ట్రూడో ఇళ్లను వేడిచేసే ఆయిల్‌పై పన్నును మూడేళ్లు ఆపేశారు. ఆ ఆయిల్ ఎక్కువగా వాడేది అట్లాంటిక్ తీరపు రాష్ట్రాలు. వాళ్లకు మినహాయింపు ఇచ్చి మాకెందుకివ్వరని గ్యాసుతో ఇళ్లు వేడిచేసుకునే రాష్ట్రాలు మండిపడ్డాయి. 2024 జనవరి నుంచి సస్కాచెవాన్ ఇళ్లు వేడిచేసే గ్యాసుపై ఏకంగా వసూలే మానేసింది. ఒకరికి సడలిస్తే అందరూ అడుగుతారని తెలియని పాలకులు కాదు. ఎన్నికల భయం అంత పని చేయించింది.

మరో దెబ్బ లెక్కల వైపు నుంచి. కుటుంబాల లాభనష్టాలు చెప్పాల్సిన పార్లమెంటరీ బడ్జెట్ అధికారి కార్యాలయం తన అంచనాలో పరిశ్రమలపై వేసే కార్బన్ ధరను కూడా పొరపాటున కలిపామని 2024లో ఒప్పుకుంది. సవరించిన లెక్క ఆ ఏడాది అక్టోబర్‌లో వచ్చింది. అప్పటికే పాత లెక్క ఊరంతా తిరిగింది.

ఆఖర్న పేరు సరిచేశారు. 2024 ఫిబ్రవరిలో ‘కెనడా కార్బన్ రిబేట్’ అని మార్చారు. బ్యాంకులు ఆ పేరు స్పష్టంగా చూపించాలని చట్టం తెచ్చారు. అయిదేళ్ల ఆలస్యం అది. 2025 జనవరి 6న ట్రూడో తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. మార్చి 14న మార్క్ కార్నీ ప్రధానిగా ప్రమాణం చేశారు. వాతావరణ నిధుల విషయంలో ఐక్యరాజ్యసమితికి ప్రత్యేక దూతగా పనిచేసిన మనిషే ఆయన. ప్రమాణం చేసిన రోజునే జనంపై కార్బన్ పన్నును సున్నా చేసే ఆదేశంపై సంతకం పెట్టారు. ఏప్రిల్ 28 ఎన్నికల్లో గెలిచారు. పన్ను నరుకుతానన్న పొయిలీవ్ర సొంత స్థానంలోనే ఓడిపోయారు. నాయకుల గెలుపోటముల సంగతి అలా ఉంచితే, ఒంటారియోలో నలుగురున్న ఆ ఇంటికి ఏటా రావలసిన 1,120 డాలర్లు శాశ్వతంగా పోయాయి.

ఇక మన ఊరి సంగతి. 2015 జనవరి 1 నుంచి దేశమంతటా గ్యాసు సబ్సిడీ బ్యాంకు ఖాతాలో పడటం మొదలైంది. బండ తెచ్చిన మనిషికి పూర్తి ధర ఇవ్వాలి, సబ్సిడీ తర్వాత జమవుతుంది. పెద్దమ్మ దగ్గర ఆ కాలం నాటి పాస్‌బుక్కు ఇప్పటికీ ఉంది. గులాబీ రంగు వెలిసిన ఆ పేజీల్లో వరసగా గ్యాసు జమలు. ఒకచోట అవి ఆగిపోయాయి. 2020 మేలో ప్రపంచ మార్కెట్లో ధర పడిపోయి సబ్సిడీ సున్నాకొచ్చింది. ఆ తర్వాత ధర పెరిగినా మామూలు కనెక్షన్లకు సబ్సిడీ మళ్లీ మొదలుకాలేదు. ఇకమీదట ఇవ్వబోమని ఆ ఇంటికి ఎవరూ కబురు చెప్పలేదు. “ఈసారి పళ్ళేదే, వచ్చే బండకు పడతాయేమో” అని ఆవిడ చాన్నాళ్లు చూసింది.

దానికంటే పెద్ద సొమ్ము ఒకటి మన కంటికి కనిపించకుండానే పోయింది. 2010లో కేంద్రం టన్ను బొగ్గుపై 50 రూపాయల సెస్సు వేసింది. 2016కల్లా అది 400 అయింది. పేరేదైనా అది మన దేశపు కార్బన్ పన్నే. మన జిల్లాలోనే కృష్ణపట్నం పక్కన నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది. అలాంటి కేంద్రాల్లో కాలే ప్రతి టన్నుకూ ఆ సెస్సు కట్టారు. అది కరెంటు తయారీ ఖర్చులో కలిసింది. ఆ ఖర్చు జలదంకిలో ఫ్యాను వేసుకున్నవాడి మీదా పడింది. 2017–18 దాకా వసూలైనది 86 వేల కోట్లకు పైనే. ఆ డబ్బు చేరాల్సిన శుద్ధ ఇంధన నిధికి చేరినది 30 వేల కోట్ల లోపు. అందులోనూ పనులకు ఖర్చయింది సగం పైచిలుకు మాత్రమే. 2017 జులై నుంచి ఆ సెస్సును రాష్ట్రాల జీఎస్టీ పరిహారానికి మళ్లించారు. 2025 సెప్టెంబర్ 22న సెస్సే ఎత్తేసి, బొగ్గుపై జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. పదిహేనేళ్లలో ఆ సొమ్ములో కుటుంబాల వాటా అంటూ ఒక్క పైసా కూడా ఏ ఇంటి ఖాతాకూ రాలేదు. కెనడావాళ్లకు వచ్చి పోయింది, మనకు రాకుండానే పోయింది.

పేరు తెలిసిన సొమ్ము సంగతి వేరు. 2024 నవంబర్ 1న మన రాష్ట్రంలో దీపం–2 కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు మొదలయ్యాయి. ఇందులోనూ డబ్బు ఖాతాలోనే పడుతుంది. కానీ అదేమిటో, ఎన్ని బండలకో అందరికీ తెలుసు. పడకపోతే సచివాలయానికి వెళ్లి అడుగుతారు. రేపు ఎవరైనా దాన్ని ఆపేయాలంటే జనానికి జవాబు చెప్పుకోవాలి.

మన దేశంలో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకాన్ని 2023 జూన్‌లోనే నోటిఫై చేశారు. మన ఉక్కు, సిమెంటు ఎగుమతుల మీద ఐరోపా సమాఖ్య సరిహద్దు కార్బన్ పన్ను కూడా వచ్చిపడింది. పొగకు ధర కట్టే కాలం మళ్లీ వస్తోంది, ఆ ధర సిమెంటు బస్తాలోనో కరెంటు బిల్లులోనో మన ఇళ్లకే చేరుతుంది. అప్పుడు ఎంత వసూలైంది, అందులో మా ఇంటి వాటా ఎంత, అది ఏ పేరుతో మా పాస్‌బుక్కులో పడుతుంది అని గ్రామసభలోనూ అడగండి, ఓటు అడగను వచ్చినవాళ్లనూ అడగండి. అడిగేవాళ్లు లేని సొమ్ము ఏ దేశంలోనూ నిలవలేదు.