బందరు రేవు - మంగినపూడి తీరము

బందరు రేవు క్షీణించుటకు 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనయే కారణమని చెప్పుట పరిపాటి. ఆ యుప్పెనలో సుమారు 30,000 మంది మృతినొందిరి. అంతటి ఘోరము జనుల జ్ఞప్తియందు మిగిలిన కారణములను కప్పివేయుట సహజమే. కాని స్థలమును స్వయముగ చూచినవారికి వేరొక కారణము కాళ్ళక్రిందనే కనబడును.

బెజవాడ నుండి బందరునకు సుమారు 70 కిలోమీటర్లు. దారి యంతయు కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రునేల. త్రోవకు దక్షిణముగ నున్న ఘంటసాల నేడు సముద్రమునకు దూరమైన పల్లె. అయినను టాలెమీ పేర్కొనిన వర్తకస్థానము 'కొంటకొస్సుల' యిదియే యని పండితులు గుర్తించిరి. అచటి ప్రాకృత శాసనమొకటి మహానావికుని పేర్కొనుచున్నది. పొలముల నడుమ నావికుని శాసనముండుట విద్యార్థులు ఆలోచింపదగిన విషయము.

గోలకొండ సుల్తానుల కాలమున బందరు వారి ప్రధాన రేవు. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను ఇచట వర్తకమునకు దిగిరి. కలంకారీ వస్త్రములు ఇచటినుండియే ఓడలకెక్కెను. వలందపాలెము, పరాసుపేట, ఇంగ్లీషుపాలెము అను పేటల పేర్లు నేటికిని నిలిచియున్నవి. (గ్రంథములకంటె పేటల పేర్లే ఒక్కొక్కప్పుడు నమ్మదగిన సాక్ష్యములు!) డచ్చివారి సమాధులపై చెక్కిన వంశచిహ్నములను చూడక మరలరాదు.

పిదప మంగినపూడికి పోవలెను. తీరమున ఇసుకకు బదులు నల్లని మన్ను. నీటిలో చాలదూరము నడచినను లోతు తగులదు. స్నానమునకు వచ్చువారికి హాయి గొల్పు ఈ మెరకయే నాటి నావికులకు బెడదయైనది. పెద్ద యోడలు కొన్ని మైళ్ళ దూరమున లంగరు దింపగా, సరకును చిన్న పడవలపై చేరవేయవలసి వచ్చెడిది. ఆంగ్లేయులు తమ ముఖ్యస్థానమును 1641లోనే చెన్నపట్టణమునకు మార్చుకొనిరి. అటుపిమ్మట సీమ మిల్లుగుడ్డ వచ్చి నేతపనివారి వ్యాపారమును దెబ్బతీసెను. 1864 నాటి ఉప్పెన అప్పటికే కృశించిన రేవుపై విరుచుకొని పడినది.

2023లో ఈ తీరముననే నూతన రేవు నిర్మాణమునకు శంకుస్థాపన జరిగినది. అందును ఓడలు రాగలుగుటకు కడలి యడుగున పూడిన మన్నును త్రవ్వి దారి తీయవలసియే యున్నది.