పార్కు గాలి, రాస్ దోమ, నేను రాసిన ఒక అభ్యంతరం

మా కాలనీ పార్కులో రావిచెట్టు కింద సిమెంటు బెంచీ ఒకటుంది. రోజూ పొద్దున్న ఆరున్నరకి అక్కడ ఓ పెద్దాయన ఉపన్యాసం మొదలవుతుంది. రావిచెట్టు ఇరవై నాలుగు గంటలూ ఆక్సిజన్ వదులుతుందనీ, మన ఋషులకి ఈ సంగతి ముందే తెలుసు కాబట్టే ప్రదక్షిణలు పెట్టారనీ ఆయన వాదన. ఒకరోజు ఉండబట్టలేక, "వెలుతురు లేకుండా ఏ చెట్టూ ఆక్సిజన్ తయారుచెయ్యలేదండీ. కొన్ని ఎడారి మొక్కలు రాత్రిపూట కార్బన్ డయాక్సైడ్ పీల్చి దాచుకుంటాయి గానీ, అవి కూడా ఆక్సిజన్ వదిలేది పగలే" అన్నాను. ఆయన నవ్వి, "మరి మీరెందుకు రోజూ ఇక్కడికే వస్తున్నారు? నడక రోడ్డు మీద కూడా నడవొచ్చుగా?" అన్నారు.

ప్రశ్న సబబైనదే. మనం హేతువాదులం కదా అని ఎదుటివాడి మూఢనమ్మకాన్ని కొట్టిపారేసి ఊరుకుంటే సరిపోదు, మన అలవాటుకి మన దగ్గర ఆధారం ఉందో లేదో చూసుకోవాలి. నేను రక్షణ లెక్కల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. వోచరు లేని ఖర్చుని ఒప్పుకోవడం నా వల్ల కాదు. అందుకని పార్కుల ఖాతా మొదటినుంచీ తిరగేశాను.

పార్కుల్ని నగరం ఊపిరితిత్తులు అంటారు కదా, ఆ మాట చాలా పాతది. 1808లో బ్రిటిష్ పార్లమెంటులో విండ్‌హామ్ అనే సభ్యుడు, లండన్ పార్కుల గురించి పూర్వం పిట్ అన్న మాటగా దీన్ని చెప్పాడు. వినడానికి బాగుంటుంది గానీ లెక్కకి నిలవదు. గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. పార్కు మధ్యలోనూ అంతే, నాంపల్లి స్టేషన్ ముందూ అంతే. మనిషికి కావలసిన ఆక్సిజన్ వీధి చివరి చెట్టు మీద ఆధారపడి లేదు.

ఆ రోజుల్లో భయం ఆక్సిజన్ గురించి కాదు, చెడుగాలి గురించి. కుళ్లు కంపు నుంచే కలరా, జ్వరాలు పుడతాయని డాక్టర్లే నమ్మేవారు. మలేరియా అన్న మాటకి అర్థమే ఇటాలియన్ లో చెడ్డగాలి. లండన్ లో జననమరణాల లెక్కలు చూసిన విలియం ఫార్ కూడా ఇదే నమ్మాడు. తూర్పు లండన్ లో ఒక పార్కు వేస్తే ఏటా వేల చావులు తగ్గుతాయని 1839 నాటి నివేదికలో అంచనా కట్టాడు. తర్వాత ముప్ఫై వేలమంది సంతకాలతో రాణికి అర్జీ వెళ్లింది. 1845లో విక్టోరియా పార్కు జనానికి తెరుచుకుంది. సిద్ధాంతం తప్పు, పార్కు మాత్రం మిగిలింది. ఫార్ ని నేను తక్కువ చెయ్యను. 1866 కలరా లెక్కలు చూశాక నీళ్లదే దోషమని ఒప్పుకున్న మనిషి ఆయన. అంకె చూసి అభిప్రాయం మార్చుకునేవాళ్లు మా శాఖలోనే తక్కువ.

ఇదే ఫార్ మన దేశంలోని సైన్యం ఆరోగ్యం మీద వేసిన రాయల్ కమిషన్ లోనూ సభ్యుడు. 1863లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం ఇండియాలో ఉన్న బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోయేవారు, అదీ ఎక్కువగా యుద్ధాల్లో కాదు, జ్వరాలతో, విరేచనాలతో. కంటోన్మెంట్లలో ఇప్పటికీ కనిపించే విశాలమైన ఆవరణలు, చెట్ల వరసలు, బజారుకి దూరంగా బారక్కులు అన్నీ ఆ చెడుగాలి భయం రోజులవే. మా సికిందరాబాదులో అటువంటి రోడ్ల నీడలో నేను ఏళ్ల తరబడి సైకిలు తొక్కాను. ఆ నీడ ఎవరికోసం వేశారో, బజారులో ఉన్నవాళ్లకి ఎందుకు వెయ్యలేదో ఆ వయసులో నాకు తట్టలేదు.

ఇక్కడే చరిత్ర ఒక చమత్కారం చేసింది. చెడుగాలి సిద్ధాంతానికి పెద్ద దెబ్బ తగిలింది ఆ కంటోన్మెంటు పక్కనే. బేగంపేటలో రొనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించాడు, ఒక్కో దోమకి ఒక అణా చొప్పున ఇచ్చి. 1897 ఆగస్టు 20న అలా కుట్టిన ఒక దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమి కనబడింది. మర్నాటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియాతో మిగతా దారి తేల్చాడు. 1902లో నోబెల్ వచ్చింది. వైద్య పరిశోధనల్లో ఇంత చవకైన పద్దు ఇంకొకటి నేను చూడలేదు. జ్వరం తెచ్చేది గాలి కాదు, దోమ. పచ్చదనం దోమని ఆపదు సరికదా, తోటలో నిలవ నీళ్లుంటే దాన్ని పెంచుతుంది.

అనుమానం ఉంటే బస్తర్ చూడండి. సుక్మా జిల్లాలో, మన సరిహద్దుకి దగ్గర్లో గొల్లపల్లి ఉంది. పేరు వింటేనే తెలుగు ఎక్కడిదాకా వెళ్లిందో తెలుస్తుంది. ఆ వైపంతా అడవే. పచ్చదనమే ఆరోగ్యమైతే అక్కడివాళ్లకి ఆస్పత్రే అక్కర్లేదు. నిజానికి బస్తర్ ప్రాంతం దేశంలో మలేరియా ఎక్కువున్న చోట్లలో ఒకటి. 2020 జనవరిలో మొదలైన మలేరియా నిర్మూలన కార్యక్రమంలో జ్వరం ఉన్నా లేకపోయినా ఇంటింటా రక్తపరీక్షలు చేస్తే, మొదటి విడతలో 4.6 శాతం మందిలో క్రిమి కనబడింది. వాళ్లలో సగానికి పైగా ఏ లక్షణమూ లేనివాళ్లు. తర్వాత ఆ శాతం బాగా తగ్గింది. తగ్గించినవి పరీక్షలు, మందులు, దోమతెరలు. అడవి అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. నగరంలో కూర్చుని "ఆ అడవిబిడ్డలు ఎంత ఆరోగ్యంగా ఉంటారో" అని మురిసిపోయేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అయితే చెట్టు ప్రాణం కాపాడిన కేసే లేదా? ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదుని ముంచెత్తినప్పుడు, అఫ్జల్‌గంజ్ పార్కులో ఒక చింతచెట్టెక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. చింతచెట్టు మీద దెయ్యాలుంటాయని చిన్నప్పుడు మా అమ్మమ్మ బెదిరించేది. తలలు లెక్కపెట్టగలిగిన మేలు అది, ఆక్సిజన్ కాదు.

మరి ఇప్పటి శాస్త్రం ఏమంటోంది? 1984లో రోజర్ ఉల్రిచ్ అనే అమెరికా పరిశోధకుడు పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది పాత రికార్డులు తీశాడు. కిటికీలోంచి చెట్లు కనబడినవాళ్లు సగటున 7.96 రోజుల్లో ఇంటికెళ్లారు, ఇటుకగోడ కనబడినవాళ్లు 8.70 రోజుల్లో. బలమైన నొప్పి మందులు కూడా మొదటివాళ్లకి తక్కువ పట్టాయి. కానీ ఒకే ఆస్పత్రి, 23 జతలు. దీనిమీద ఎన్ని ప్రసంగాలు కట్టారో! 2008లో మిచెల్, పోఫమ్ ఇంగ్లండు జనాభా లెక్కలు చూసి, పచ్చదనం ఎక్కువున్న చోట్ల పేద, ధనిక చావుల మధ్య తేడా తక్కువుందన్నారు. విలువైన అధ్యయనమే. అయినా ఆడిటరుకి సందేహం తప్పదు: పార్కు ఆరోగ్యాన్ని ఇచ్చిందా, ఆరోగ్యం కొనుక్కోగలవాళ్లు పార్కు పక్కన ఇల్లు కొన్నారా? మన జూబ్లీహిల్స్ లో 1998లో జాతీయ పార్కు అయిన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు చుట్టూ ఉన్న ఇళ్లు చూస్తే ఈ ప్రశ్న అర్థమవుతుంది.

ఆ సందేహాన్ని చాలావరకు తీర్చింది ఫిలడెల్ఫియా. 541 ఖాళీ స్థలాల్ని చీట్లు తీసినట్టు మూడు రకాలుగా పంచారు. కొన్నిట్లో చెత్త తీసి గడ్డి, నాలుగు చెట్లు వేశారు. కొన్నిట్లో చెత్త మాత్రం తీశారు. మిగతావి అలాగే వదిలేశారు. 2018లో ఫలితాలొచ్చాయి. పచ్చచేసిన చోట్ల, ఏమీ చెయ్యని చోట్లతో పోలిస్తే, దిగులుగా ఉందని చెప్పినవాళ్లు 41.5 శాతం తగ్గారు. చెత్త మాత్రమే తీసినచోట చెప్పుకోదగ్గ మార్పు లేదు. జనం తమ మనసు గురించి తాము చెప్పిన మాట ఇది, రక్తపరీక్ష కాదు. అయినా వోచరు వోచరే.

ఇది చదివాక నాకు 1987 నాటి ఫైలొకటి గుర్తొచ్చింది. ఒక యూనిట్ వాళ్లు సిబ్బంది క్వార్టర్ల మధ్య ఖాళీ స్థలంలో మొక్కలు, నాలుగు బెంచీలు వేస్తామని ప్రతిపాదన పంపారు. మొత్తం చిన్నదే. "ఈ ఖర్చువల్ల కలిగే ప్రయోజనం చూపలేదు" అని అభ్యంతరం రాసింది నేనే. నిబంధన ప్రకారం అది సరైన రాతే. వాళ్లు మళ్లీ పంపలేదు. కొన్నేళ్లకి అటు వెళ్తే ఆ స్థలంలో షెడ్డు ఉంది. ఆడవాళ్లు మిట్టమధ్యాహ్నం దాని గోడనీడలో పిల్లల్ని ఆడిస్తున్నారు.

ఈ లెక్కంతా బెంచీ పెద్దాయనకి విప్పి చెప్పాను. ఓపిగ్గా విని, "అంటే ఋషులు చెప్పింది సగం నిజమేనంటారు" అన్నారు. "ఋషులు చెప్పారనడానికి వోచరేదండీ?" అన్నాను. రేపు తెస్తానన్నారు. రెండు వారాలైంది, ఇంకా తేలేదు. చెట్టు కింద వాదన మాత్రం రోజూ సాగుతోంది.