సగటు చెప్పని సంగతి

మా కటవారియా సరాయ్‌కి దగ్గర్లో, అరుణా అసఫ్ అలీ మార్గ్ మీద, ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ ఉంది. 1984లో న్యూక్లియర్ సైన్స్ సెంటర్ పేరుతో మొదలైన సంస్థ ఇది. అక్కడి పెల్లెట్రాన్ యంత్రం అయాన్లను వేగంగా తోలుతుంది. ఇలాంటి కణాలు ఒకే రకానివై, ఒకే వేగంతో బయలుదేరినా, ఒక పల్చటి రేకు దాటేసరికి వాటి శక్తులు కాస్త అటూ ఇటూ అయిపోతాయి. ఎందుకు? ఈ లెక్క పూర్తిగా తేలడానికి భౌతికశాస్త్రానికి నలభై ఏళ్ళు పట్టింది.

విద్యుదావేశం ఉన్న కణం పదార్థంలోకి దూరితే దారిలోని ఎలక్ట్రాన్లను తాకుతూ పోతుంది. తాకినప్పుడల్లా కొంత శక్తి పోతుంది. ఎన్నిసార్లు తాకుతుంది, ఒక్కోసారి ఎంత పోతుంది అన్నది యాదృచ్ఛికం. తాకిడులు లెక్కకు మించి ఉంటే ఈ హెచ్చుతగ్గులు గంట ఆకారంలో సర్దుకుంటాయని నీల్స్ బోర్ 1915లో చూపించాడు. మందపాటి పదార్థానికి అది చాలు. పల్చటి పొరల సంగతి వేరు. అక్కడ చిన్న తాకిడులు బోలెడు, పెద్ద దెబ్బ అరుదు. కానీ ఆ ఒక్క దెబ్బే మొత్తం లెక్కని మార్చేస్తుంది. 1944లో లాండౌ వేసిన వక్రరేఖకి అందుకే ఒకవైపు పొడుగాటి తోక ఉంటుంది. ఈ రెండు లెక్కలనీ కలిపే సూత్రం 1957లో వావిలోవ్ ఇచ్చాడు.

ఒక ఉదాహరణ చూద్దాం. 0.3 మిల్లీమీటర్ల సిలికాన్ పలకలో వేగమైన కణం పోగొట్టుకునే శక్తి సగటున సుమారు 115 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. కానీ ఎక్కువ కణాలు పోగొట్టుకునేది 80కి అటూ ఇటూగానే. తోకలో ఉన్న కొద్దిమంది సగటుని పైకి లాగేశారన్నమాట! డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసిన నాకు ఇది కొత్తగా అనిపించలేదు. సగటు ఖర్చు సరిపోయిందని ఏ ఆడిటరూ ఓచర్లు చూడటం మానడు.

ఇలాంటి లెక్కలోనే మనవాళ్ళకీ వాటా ఉంది. కాస్మిక్ కిరణాల్లో ఒక ఎలక్ట్రాన్ ఫోటాన్‌ని వదులుతుంది. ఆ ఫోటాన్ ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటగా మారుతుంది. అవి మళ్ళీ ఫోటాన్లను వదులుతాయి. అలా ఒక జల్లు కురుస్తుంది. ఆ జల్లులో సగటున ఎన్ని కణాలుంటాయో భాభా, హైట్లర్ 1937లో లెక్కకట్టారు. మరి హెచ్చుతగ్గులో? ఒక్కో కణం దేనికది విడిగా పుట్టి ఉంటే పాత సూత్రమే సరిపోయేది. ఇక్కడ అలా కాదు. మొదటి చీలిక ఆలస్యమైతే ఆ తర్వాతి వంశమంతా తగ్గిపోతుంది. ఈ చిక్కుముడి మీద 1950లో భాభాతో కలిసి పరిశోధనాపత్రం రాసినవాడు అల్లాడి రామకృష్ణన్. రాజ్యాంగ ముసాయిదా సంఘంలో ఉన్న, నెల్లూరు జిల్లాకి చెందిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కొడుకు. 1962లో మద్రాసులో గణితశాస్త్రాల సంస్థని స్థాపించింది కూడా ఈయనే.

హేతువాదులకి ఇందులో పనికొచ్చేది ఏమిటి? అరుదైనది జరిగితే నియమం తప్పిందని కాదు. ఎంత అరుదో కూడా నియమమే చెబుతుంది. లక్ష కణాల్లో ఒకటి విపరీతంగా శక్తి పోగొట్టుకుందని ఏ శాస్త్రజ్ఞుడూ కొబ్బరికాయ కొట్టడు. అలాంటివి ఎన్ని రావాలో చూసి, ఎన్ని వచ్చాయో లెక్కపెడతాడు. లెక్కకు మించి వస్తే అప్పుడు కొత్త కారణం వెతుకుతాడు.

కాబట్టి ఫలానా బాబా విభూతితో ఒకరికి జబ్బు నయమైందని ఎవరైనా చెబితే, ఆ ఒక్కరి గురించి వాదన పెట్టుకోకండి. నయం కానివాళ్ళ జాబితా అడగండి.