దిమ్మెల గొలుసుపై శాసన ప్రతిష్ఠ

తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలను చూసినవారికి ఒక సంగతి జ్ఞాపకముండే ఉంటుంది. రేకులకు రంధ్రం చేసి, అందులోనుండి రాగికడియం దూర్చి, దాని కొనలను రాజముద్రికలో అతికేవారు. ముద్రపై వరాహలాంఛనం, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అనే బిరుదం. నడుమ ఒక రేకు తీసి వేరొకటి చేర్చాలంటే కడియం కోయక తప్పదు. కోసిన గాయం కనబడక మానదు. అయినా కూటశాసనాలు పుట్టకపోలేదు. ఫ్లీట్ పండితుడు 1901లో అటువంటివాటికి ఒక పట్టికే ప్రకటించాడు.

రాగికి గాయమైనా మిగులుతుంది. కంప్యూటరులోని లేఖనానికి అదీ లేదు. నిన్నటి తారీఖు వేసి నేడు వ్రాసినా ఎవరూ పసిగట్టలేరు. ఈ చిక్కును విప్పబూనినవారు అమెరికాలో బెల్‌కోర్ పరిశోధకులైన స్టూవర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెటా. 1991లో వారు ప్రకటించిన ఉపాయం ఇది: ప్రతి పత్రానికి ఒక ‘హాష్’ తీయాలి. ఎంత పెద్ద గ్రంథమైనా ఒక నియతమైన పొడవుగల సంఖ్యగా కుదించే గణితక్రియ అది. మూలంలో ఒక్క అక్షరం మారినా సంఖ్య గుర్తుపట్టరానంతగా మారిపోతుంది. ఒక పత్రపు ముద్రలో దాని ముందటి పత్రపు ముద్రను కూడ కలిపివేస్తే, కడియం గ్రుచ్చిన రేకుల వలె అన్నీ ఒకదానికొకటి బద్ధమవుతాయి.

అయితే ఆ కడియానికి రాజముద్ర ఏది? వారి సంస్థ ‘ష్యూరిటీ’ 1995 నుండి వారానికొకసారి ఆ గొలుసు సారాంశమైన సంఖ్యను న్యూయార్క్ టైమ్స్ పత్రికలో చిన్న ప్రకటనగా వేయించసాగింది. దొంగలెక్క వ్రాయదలచినవాడు లోకంలోని గ్రంథాలయాలన్నిటిలో ఉన్న పాత పత్రికలను కూడ మార్చవలసివస్తుంది. ఈ కథలో నాకు అన్నిటికంటె ముచ్చట గొలిపే ఘట్టం ఇదే.

సతోషీ నకమోటో అనే మారుపేరుతో 2008లో వెలువడిన బిట్‌కాయిన్ పత్రంలో ఉపజీవ్య గ్రంథాలు ఎనిమిదే; అందులో మూడు ఈ ఇద్దరివే. మరుసటి సంవత్సరం జనవరి 3వ తేదీ మొదటి దిమ్మెలో లండన్ టైమ్స్ పత్రిక ఆనాటి శీర్షిక ఒకటి పొదగబడింది. ఇక్కడ ఒక తిరకాసు గమనించండి. ష్యూరిటీ ప్రకటన ‘ఈ పత్రం ఇంతకుముందే ఉంది’ అని ఋజువు చేస్తుంది. దిమ్మెలోని శీర్షిక ‘ఇది ఇంతకుముందు లేదు’ అని ఋజువు చేస్తుంది. కాలనిర్ణయానికి రెండు గట్లూ కావాలి. మన కావ్యాల కాలనిర్ణయంలో పండితులు చేసే పనీ ఇదే కదా!

తనంత తానే అమలయ్యే ఒడంబడిక, అనగా స్మార్ట్ కాంట్రాక్టు, అనే భావన నిక్ సాబో 1990ల నాడే చెప్పాడు. దానికి నేల దొరికింది 2015 జూలై 30న మొదలైన ఇథీరియంలో. కాంట్రాక్టును గొలుసుపై నిలపడాన్ని వారు ‘డిప్లాయ్’ అంటారు. నేను ప్రతిష్ఠ అంటాను. ప్రతిష్ఠించేవాడు గ్రహీత పేరు ఖాళీగా వదలి, సంకేతాన్ని లావాదేవీలో పంపుతాడు. పంపినవాని చిరునామా, అతని లావాదేవీల వరుససంఖ్య, ఈ రెండిటినుండి కొత్త కాంట్రాక్టు చిరునామా పుడుతుంది. ఆ లావాదేవీ నెగ్గిందా లేదా అన్న వివరం రశీదులో చేరుతుంది. రశీదులన్నిటి సారమైన హాష్ దిమ్మె శిరస్సున ఉంటుంది. కనుక శిరస్సును, మధ్యనున్న కొన్ని హాష్‌లను ఇస్తే చాలు. మిగిలిన రశీదులు చూడకుండానే ఈ ప్రతిష్ఠ నిజమని ఎవరైనా తేల్చుకోవచ్చు.

తేలేది ఎంతవరకు? ఫలానా చిరునామాలో, ఫలానా దిమ్మెనాడు, ఫలానా యంత్రసంకేతం నిలిచిందని. మనిషి చదివే మూలపాఠం అదేనా అనేది వేరే పరీక్ష. ప్రకటించిన మూలాన్ని అదే కంపైలరుతో, అవే అమరికలతో తిరిగి అనువదించి, ఫలితాన్ని గొలుసుమీది పాఠంతో పోల్చాలి. ఈథర్‌స్కాన్, సోర్సిఫై వంటివి చేసేది ఈ పాఠపరిష్కరణమే. ఆ చిరునామా వెనుక ఉన్న మనిషి ఎవరన్నది మాత్రం గొలుసు చెప్పదు. వేమన మకుటం తగిలించుకున్న పద్యాలన్నీ వేమనవి కావని మనకు తెలియదా?

2016 ఏప్రిల్ 30న ప్రతిష్ఠించిన ‘ది డావో’ విషయంలో దాపరికం లేదు. సంకేతం బహిరంగం, ఋజువు నిర్దుష్టం. పదిహేను కోట్ల డాలర్లకు మించి సొమ్ము చేరింది. జూన్ 17న అందులోని ఒక లోపం పట్టుకొని ఎవరో 36 లక్షల ఈథర్లు తోడుకున్నారు. వ్రాసినదే శాసనమని ఒక పక్షం, దొంగతనం దొంగతనమేనని ఇంకొక పక్షం. జూలై 20న 19,20,000వ దిమ్మె దగ్గర గొలుసే రెండుగా చీలింది. సొమ్ము వెనక్కి తెచ్చినది ఇథీరియం. తేనొల్లనిది ఇథీరియం క్లాసిక్. డావో ప్రతిష్ఠ తాలూకు ఋజువు నేటికీ రెండిటిలోనూ చెక్కుచెదరక ఉంది. సొమ్ము ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం రెండూ రెండు సమాధానాలు చెబుతాయి. సొమ్ము తిరిగి ఇవ్వడమే ధర్మమని నా అభిప్రాయం. కాని దాన్ని నిర్ణయించింది మనుషులే, గణితం కాదు.

అంతకంటె గడుసైనది 2023 మే నెల ముచ్చట. టోర్నడో క్యాష్ పాలనలో ఒక ప్రతిపాదన కాంట్రాక్టు వోటింగుకు వచ్చింది. లోగడ నెగ్గినదాని వంటిదే అని చెప్పారు, జనం నమ్మి వోటువేశారు. అందులో ఆత్మనాశన ఆదేశం దాగి ఉంది. నెగ్గిన తరువాత అది తన్ను తాను చెరిపేసుకుంది. దాన్ని పుట్టించిన కాంట్రాక్టూ చెరిగి, మళ్ళీ అదే చోట పుట్టింది. 2019లో వచ్చిన క్రియేట్2 అనే ఆదేశం దీనికి వీలు కల్పించింది. పుట్టించినది కొత్తగా పుట్టింది గనుక వరుససంఖ్య మొదటికి వచ్చింది. కనుక పాత చిరునామాలోనే వేరొక సంకేతం వెలసింది. అది దుండగునికి 12 లక్షల వోట్లు కట్టబెట్టింది. గొలుసు అబద్ధమాడలేదు సుమా! రెండు ప్రతిష్ఠలూ అందులో నమోదై ఉన్నాయి. జనం చూసింది మొదటిదాన్ని, అమలైంది రెండవది.

2024 మార్చి 13న డెన్‌కన్ అనే మార్పుతో ఆత్మనాశనానికి కళ్ళెం పడింది. పుట్టిన లావాదేవీలోనే అయితే తప్ప ఆ ఆదేశం ఇప్పుడు సంకేతాన్ని చెరపదు, ఉన్న సొమ్మును పంపివేస్తుంది, అంతే. ఇక ‘ప్రాక్సీ’ అనే పద్ధతి ఒకటి ఉన్నది. గుమ్మం ఒకటే ఉంటుంది, లోపలి గది మారుతుంది. అటువంటి కాంట్రాక్టు ప్రతిష్ఠను పరీక్షించేవారు గుమ్మంతో ఆగక, అది ఇప్పుడు ఏ చిరునామావైపు చూపుతున్నదో దాన్నీ, ఆ చూపును మార్చే అధికారం ఎవరి చేతిలో ఉన్నదో దాన్నీ చదవవలసి ఉంటుంది.