చెల్లుబాటయ్యే భయం

నెల్లూరు తీరానికి ఇంగ్లీషువాడి ఫిరంగి వచ్చింది ఆత్మరక్షణ పేరుతోనే. పులికాట్ సరస్సుకి ఎగువన, దుగరాజపట్నంలో, 1620లలో ఈస్టిండియా కంపెనీ ఒక వర్తక స్థావరం పెట్టుకుంది. ఆ ఊరు 2022 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లా. స్థలం ఇప్పించిన ఆర్ముగం మొదలియారు పేరే ఇంగ్లీషువాళ్ల నోట ఆర్మగాన్ అయిందంటారు. సరుకుకి రక్షణ లేదన్నారు, డచ్చివాళ్లతో ప్రమాదమన్నారు, పన్నెండు ఫిరంగులు నిలబెట్టారు. 1640 ప్రాంతంలో మద్రాసుకి మకాం మార్చేదాకా ఈ తీరంలో వాళ్ల కోట అదే. వ్యాపారానికొచ్చినవాడు తన భయాన్ని చూపించి ఆయుధం పెట్టుకున్నాడు. ఒడ్డున వల లాగేవాళ్లకి ఆ ఫిరంగుల్ని చూస్తే ఏమనిపించిందో ఏ రికార్డూ రాసిపెట్టలేదు.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి చట్టాన్ని కూడా కథలాగే చదవడం నాకలవాటు. ఇందులో నాయకుడెవరు, ఎవరి వైపు నుంచి చెబుతున్నారు, ఎవరు అసలు కథలోకే రాలేదు? ఆత్మరక్షణ సెక్షన్లు అలా చదవడానికి చాలా బాగుంటాయి. మెకాలే లా కమిషన్ 1837లో శిక్షాస్మృతి ముసాయిదా ఇస్తూ, ఈ హక్కుకి ఎక్కువ షరతులు ఎందుకు పెట్టలేదో వివరించింది. ఈ దేశం జనం దోపిడీగాళ్లకి ఎదురు తిరగకుండా లొంగిపోతారట. వాళ్లలో మగటిమిని రేకెత్తించాలట! 1860లో అది చట్టమైంది, 96 నుంచి 106 దాకా సెక్షన్లు. కథానాయకుడు మొదటే తేలిపోయాడు. తన ఇంటినీ పొలాన్నీ కాపాడుకోవడానికి గడపలో నిలబడ్డ మగవాడు. పద్దెనిమిదేళ్లు తిరిగేసరికి, 1878లో, లిట్టన్ ఆయుధాల చట్టం తెచ్చి లైసెన్సు లేకుండా భారతీయులు తుపాకీ పట్టడానికి వీల్లేదన్నాడు. తెల్లవాళ్లకి మాత్రం మినహాయింపు. మగటిమి నేర్పుతామన్న దొరలే చేతిలోది లాక్కున్నారు.

ఎదురు తిరగమని చెప్పిన ప్రభుత్వమే, కదిలితేనే నేరమనుకున్న మనుషులూ ఈ జిల్లాలో ఉన్నారు. ఎరుకలవాళ్లు తీరంలో ఉప్పు ఎత్తుకుని పశువుల మీద లోపలి ఊళ్లకి మోసుకెళ్లి ధాన్యానికి మార్చుకునేవాళ్లు. ఉప్పు మీద ప్రభుత్వ విధానమూ రైలుమార్గమూ కలిసి ఆ బతుకుతెరువుని ఎలా తినేశాయో మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన పుస్తకంలో వివరంగా రాశారు. బతుకు పోయాక నేరస్థులన్న ముద్ర పడింది. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీల చేతికిచ్చిన సెటిల్మెంటులో ఆడవాళ్లూ హాజరు పలకాల్సిందే. 1911 నేరస్థ తెగల చట్టంలో 23వ సెక్షను చూడండి. నిర్ణీత నేరాల్లో రెండోసారి శిక్ష పడితే ఏడేళ్లకు తగ్గకూడదు, మూడోసారి యావజ్జీవ ప్రవాసం. ప్రత్యేక కారణాలుంటే తప్ప జడ్జి చేయగలిగింది లేదు. కనీస శిక్షని ముందే రాసిపెట్టడమంటే ఎదుటి మనిషి కథ వినక్కర్లేదని ముందే నిర్ణయించుకోవడం. ఆ చట్టం 1952లో రద్దయింది గానీ, ఆ ఆలోచన పోలేదు.

పోలేదనడానికి ఫ్లారిడాలోని మరిస్సా అలెగ్జాండర్ కేసు చాలు. 2010 ఆగస్టులో, జాక్సన్‌విల్‌లో, కాన్పయి తొమ్మిదిరోజులైన నల్లజాతి స్త్రీ ఆమె. విడిగా ఉంటున్న భర్త మీదికొచ్చాడు. అతను కొట్టకుండా అంతకుముందే కోర్టు ఉత్తర్వు తెచ్చుకుని ఉంది. గరాజ్ లోకి వెళ్లి లైసెన్సున్న తన తుపాకీ తెచ్చి ఒక్కసారి పేల్చింది. గుండు గోడకి తగిలింది, ఎవరికీ గీరుకుపోను కూడా లేదు. బెదిరించడానికే పేల్చానని ఆమె అంది. గరాజ్ దాకా వెళ్లినదానివి అటే వెళ్లిపోకుండా తిరిగెందుకొచ్చావు అని ప్రాసిక్యూషన్ అడిగింది. (పారిపోలేదేం, అరవలేదేం, ఇన్నాళ్లూ చెప్పలేదేం అని మన కోర్టుల్లో అడిగే ప్రశ్నలకి ఇది తోబుట్టువు.) జ్యూరీకి పన్నెండు నిమిషాలు పట్టింది. ఆయుధం పేలిస్తే ఇరవయ్యేళ్లు అని అక్కడి చట్టం ముందే రాసిపెట్టింది కాబట్టి 2012లో జడ్జి ఇరవయ్యేళ్లు వేశాడు. దాడి జరిగితే వెనక్కి తగ్గనక్కర్లేదని 2005లో అదే రాష్ట్రం చేసిన చట్టం ఆమెకి ఉపయోగపడలేదు.

2013లో అప్పీలు కోర్టు ఆ తీర్పుని కొట్టేసిన కారణం మనం గుర్తుపెట్టుకోవాలి. ఆత్మరక్షణని ఆమే సందేహానికి తావు లేకుండా నిరూపించుకోవాలన్నట్టుగా జ్యూరీకి చెప్పారు, అది తప్పు అంది. మళ్లీ విచారణ జరిగితే మూడు అభియోగాల మీద వరసగా అరవయ్యేళ్లు పడేట్టుందని తెలిసి, ఆమె నేరం ఒప్పుకుని 2015 జనవరిలో బయటికొచ్చింది. అప్పటికి మూడేళ్లు జైల్లో గడిచాయి. 2016లో ఫ్లారిడా తన చట్టంలోంచి ఇలాంటి కేసుల్ని తీసేసింది.

మన దగ్గర ఇంతకన్నా ఘోరమైన సెక్షనే ఉండేది. 1988లో ఆయుధాల చట్టానికి 27(3) చేర్చారు. నిషిద్ధ ఆయుధం చట్టవిరుద్ధంగా వాడినందువల్ల ఎవరైనా చనిపోతే మరణశిక్షే, ఇంకో మాట లేదు. ఐదేళ్ల ముందే, 1983లో, మిఠ్ఠూ కేసులో తప్పనిసరి ఉరి రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పి ఉన్నా పార్లమెంటు మళ్లీ అదే రాసింది. చివరికి 2012 ఫిబ్రవరిలో దల్బీర్ సింగ్ కేసులో గంగూలీ, ఖేహర్‌ల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. పరిస్థితులేమిటో చూసే వీలు జడ్జికి లేకుండా చేయడం న్యాయం కాదన్నారు. మరణశిక్ష పోయినా హత్యకి కనీస శిక్ష మాత్రం యావజ్జీవమే. ఏళ్ల తరబడి దెబ్బలు తిని ఒకరోజు తిరగబడిన స్త్రీ కేసు హత్య అని తేలిందంటే, ఆ ఏళ్లన్నీ జడ్జి విని కూడా అంతకంటే తగ్గించలేడు.

మరి ఆత్మరక్షణ అన్న మాట మన రాష్ట్రాల్లో ఎవరి నోట ఎక్కువగా విన్నాం? పోలీసుల నోట. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరమ్మాయిల మీద యాసిడ్ పోసిన కేసులో ముగ్గురు నిందితుల్ని కాల్చేసి, వాళ్లు దాడి చేస్తే ఆత్మరక్షణ కోసం కాల్చామన్నారు. 2009 ఫిబ్రవరిలో ఉమ్మడి హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం, ఎన్‌కౌంటర్ జరిగితే కేసు పెట్టాల్సిందే, ఆత్మరక్షణో కాదో కోర్టులో తేలాల్సిందే అంది. నెల తిరక్కుండా సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2019 డిసెంబరు 6న 'దిశ' కేసులో నలుగురు నిందితుల విషయంలోనూ అదే కథ, అవే మాటలు. వాళ్లు చనిపోవాలనే కాల్చారనీ, ఆత్మరక్షణ మినహాయింపు ఆ పోలీసులకి వర్తించదనీ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక చెప్పింది. 2022 మేలో అది బయటికొచ్చేసరికి పూలు చల్లినవాళ్లు ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. మినహాయింపు కావాలన్న నిందితుడే దాన్ని నిరూపించుకోవాలని సాక్ష్య చట్టం 105వ సెక్షను చెప్పేది. సందేహాతీతంగా అక్కర్లేదు, నమ్మదగ్గట్టు ఉంటే చాలని కోర్టులు అన్నాయి, నిజమే. ఆ కాస్త నమ్మకమైనా ఎవరికి తేలిగ్గా దొరుకుతుందనేదే నా సందేహం. రెండు సందర్భాల్లోనూ స్త్రీల పేరు మీదే తుపాకులు పేలాయి. ఆడవాళ్ల భయాన్ని అడ్డం పెట్టుకుని ఆయుధమున్నవాడు తన భయాన్ని నమ్మించుకున్నాడు.

ఆయుధం లేనివాళ్ల సంగతి నెల్లూరు జిల్లాకి 1992లో తెలిసింది. దూబగుంటలో రోశమ్మా ఆమె తోటి ఆడవాళ్లూ సారా బళ్లని ఆపినప్పుడు, ఆ ఉద్యమం ఊరూరికీ పాకినప్పుడు, చేతుల్లో ఉన్నవి చీపుర్లు, కారప్పొడి. అది సారా మీద పోరాటమని రాసుకున్నాం. తాగొచ్చినవాడి దెబ్బలకి రాత్రి ఒక్కత్తే ఎదురు తిరగలేక, పగలు అందరూ కలిసి చేసుకున్న ఆత్మరక్షణ అని కూడా చదవొచ్చు. చట్టానికి ఆ చదువు రాదు. దాని లెక్కలో భయం అప్పటికప్పుడు, కళ్లెదుట ఉండాలి. పోలీసుల సాయం పొందే వ్యవధి ఉంటే హక్కే లేదని చెప్పేది 99వ సెక్షను. కుటుంబ గొడవలే పొమ్మన్న స్టేషనుకి వెళ్లొచ్చిన రాత్రి వ్యవధి ఉన్నట్టా, లేనట్టా? ఐదుగురు కలిసి బలప్రయోగానికి దిగితే అది చట్టవిరుద్ధ సమావేశం కూడా అవుతుంది. సారా 1993 అక్టోబరు 1 నుంచి నిషేధమైంది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. కారప్పొడి వంటింట్లోకి వెళ్లిపోయింది.

చంపైనా తనని కాపాడుకోవచ్చని 100వ సెక్షను ఇచ్చిన సందర్భాల్లో మూడోది అత్యాచారం చేయాలన్న ఉద్దేశంతో దాడి. 2013లో యాసిడ్ దాడినీ చేర్చారు. ఈ మూడోదాన్ని అత్యాచారం నిర్వచనం పక్కన పెట్టి చదవండి. పద్దెనిమిదేళ్లు నిండిన భార్యతో భర్త బలవంతంగా చేసేది అత్యాచారం కాదని ఆ నిర్వచనమే చెబుతోంది. అంటే దారిన పోయేవాడి మీద ఆమెకున్న హక్కు పడగ్గదిలో ఉన్నవాడి మీద లేదు. చావో, తీవ్ర గాయమో తప్పదనుకున్నానని వేరే దారిలో నిరూపించుకోవాలి. మెకాలే కథానాయకుడు గడపలో బయటివైపు తిరిగి నిలబడ్డాడు కదా! ఇంట్లో ఉన్న మనిషికి అతనే ప్రమాదమవుతాడని ఆ కథ రాసినవాళ్లకి తోచలేదు. 2024 జూలై 1న శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 100వ సెక్షను 38 అయింది, 375వది 63 అయింది. భర్తకున్న మినహాయింపు దాని రెండో మినహాయింపుగా అక్కడే ఉంది.