గుండ్లకమ్మ రేవులో తొమ్మిది గంటలు

1877 మార్చి నుంచి ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో బాప్తిస్మాలు ఆగిపోయాయి. ఆపింది మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ. అడిగేవాళ్ళు లేక కాదు, అడిగేవాళ్ళు ఎక్కువైపోయారనే ఆపాడు.

అది ధాత కరువు. 1876లో వానలు మొహం చాటేశాయి, మరుసటి ఏడూ అంతే. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది తిండి లేకా, కలరా తగిలీ పోయారు. పల్లెల్లో ముందు గొడ్లు పోయాయి, తర్వాత విత్తనానికి దాచిన గింజలు పోయాయి, ఆ తర్వాత మనుషులు ఇళ్ళు వదిలి దారిన పడ్డారు. ఇక మాదిగపల్లె సంగతి చెప్పేదేముంది? సెంటు చేను లేని ఇంట్లో గాదె ఎక్కడుంటుంది?

అమ్మవారికి కోపమొచ్చిందనే మాట కరువొచ్చిన ప్రతి ఊళ్ళోనూ వినిపించేదే. పోలేరమ్మ ముందు డప్పు కొట్టాల్సినవాళ్ళు కొట్టడం మానేశారన్న కంటగింపు పెద్దలకు ముందునుంచే ఉంది. మిషన్‌లో చేరిన మాదిగలకు క్లౌ పెట్టిన కట్టుబాట్లు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మూడూ ఊరి కట్టడిని తాకేవే. మరి ఇంత కరువు ఎవరి మీద కోపంతో వచ్చినట్టు? పోలేరమ్మ శిక్షా? లేక ఈ కొత్త దేవుడే పాపాలు లెక్కగట్టి పంపించాడా? ఆ ప్రశ్న మొక్కేవాళ్ళనూ వదల్లేదు, మొక్కడం మానినవాళ్ళనూ వదల్లేదు.

నా మట్టుకు నేను ఈ పాపాన్ని ఏ దేవుడి నెత్తినా వేయను. మనుషులు మలమల మాడుతుంటే ఈ దేశపు గింజలు ఓడలెక్కి ఇంగ్లండుకు పోతూనే ఉన్నాయి. కరువు పనుల్లో ఖర్చు తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, మగమనిషి రోజు కూలిని ఒక పౌను గింజలకూ ఒక అణాకూ కుదించాడు. పౌనంటే అర కిలోకి తక్కువ. దానితో రోజంతా మట్టి మోయాలి. వాన కురవకపోవడం ఒకటి, ఇది మరొకటి.

క్లౌ మిషనరీ కాకముందు అమెరికాలోని మిన్నెసోటాలో ప్రభుత్వ సర్వే బృందాల్లో పనిచేశాడు. గొలుసు పట్టి భూమి కొలవడం, లెవెలు చూడడం అతనికి చేతనైన పని. ఆ విద్య ఇక్కడ పనికొచ్చింది. కరువు పనుల కింద ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, మూడున్నర మైళ్ళ కాలువ తవ్వకం తానే కాంట్రాక్టుకు తీసుకున్నాడు. రాజుపాలెం దగ్గర తాటాకు పాకలు లేచాయి. గడ్డపారలు, పారలు, తట్టలు. మగవాళ్ళు తవ్వడం, ఆడవాళ్ళు తట్టలకెత్తుకుని గట్టు మీద పోయడం. మిషన్ బోధకులే మేస్త్రీలు. పగలు కొలతలు వేసేదీ, పొద్దుగూకాక పాకల ముందు కూర్చుని వాక్యం చెప్పేదీ వాళ్ళే. వాళ్ళు ఎక్కువగా ఎత్తుకున్న మాట మత్తయి సువార్త 11వ అధ్యాయంలోది. అలసిపోయి బరువులు మోసేవాళ్ళను యేసు తన దగ్గరికి పిలిచిన మాట. నెత్తిన మట్టి తట్ట దింపి వచ్చి కూర్చున్న మనిషికి దాని అర్థం విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఆ పాకల్లోకి కలరా వచ్చింది. పొద్దున పనిలోకి దిగిన మనిషి పొద్దుగూకేసరికి ఉంటాడన్న నమ్మకం పోయింది. అలాంటి ఒక రాత్రి బోధకుడికీ ఒక ముసలమ్మకీ మధ్య మాటలు ఇలా నడిచి ఉంటాయి.

“అయ్యా, దొరగారు మాకు బాప్తిస్మం ఎప్పుడిస్తారు?”

“కరువు తీరాక చూద్దామన్నారమ్మా.”

“కరువు తీరేదాకా నేనుంటానా? నా కోడలు నిన్న పోయింది. రేపు నాకూ వాంతులు పట్టుకుంటే? నీళ్ళల్లో మునగకుండా పోతే నన్ను నరకంలో ఏస్తారా?”

“నిన్ను నీళ్ళల్లో ముంచేది మేమమ్మా. రక్షించేది మేం కాదు. సిలువ మీద యేసయ్య పక్కన చచ్చిపోయిన దొంగకు బాప్తిస్మం ఎవరిచ్చారు? నన్ను తలుచుకోమన్నాడు, అంతే. ఆ పూటే పరదైసు దొరికింది.”

“అయితే మరి మమ్మల్ని ఎందుకు ఆపినట్టు?”

ఈ చివరి ప్రశ్నకు జవాబు చెప్పడం బోధకుడికి కష్టం. కతోలిక సంప్రదాయంలో బాప్తిస్మం రక్షణకు ద్వారం. చావుబతుకుల్లో ఉన్న పసిబిడ్డకు ఎవరైనా సరే నీళ్ళు పోయవచ్చు, పోయాలి కూడా. బాప్టిస్టుల లెక్క వేరు. వాళ్ళ దృష్టిలో బాప్తిస్మం మనిషి తెలిసి, నమ్మి, నలుగురి ముందు ఒప్పుకునే సాక్ష్యం. ముందు నమ్మకం, తర్వాత నీళ్ళు. నీళ్ళు ఆలస్యమైనంత మాత్రాన దేవుడి దయ ఆలస్యం కాదు. ముసలమ్మ భయం న్యాయమైనదే, కానీ ఆ భయాన్ని పెంచే మాట క్లౌ నమ్మిన సిద్ధాంతంలో లేదు.

అతన్ని వేధించిన భయం ఇంకొకటి. కూలి ఇచ్చే చేత్తోనే బాప్తిస్మమూ ఇస్తే, వచ్చింది క్రీస్తు కోసమా కూటి కోసమా అన్నది తేలేదెలా? అందుకే రెంటినీ విడదీశాడు. బాప్తిస్మం ఆపాడు గాని పని ఆపలేదు. కడుపు మాడి చస్తున్నవాళ్ళను వాకిట్లో నిలబెట్టడం రాతిగుండె పని అని కొందరికి అనిపించవచ్చు. నాకు అలా అనిపించదు. బాప్తిస్మం ఇవ్వనందువల్ల ఎవరి ముంతలోనూ గంజి తగ్గలేదు. మత్తయి 25వ అధ్యాయంలో తీర్పు రోజున రాజు అడిగేది కూడా ఆకలైనవాడికి అన్నం పెట్టావా అనే. వాడికి బాప్తిస్మమైందా అన్న ప్రశ్న ఆ తీర్పులో లేదు.

ఇలా పదిహేను నెలలు గడిచాయి.

1878 జూన్ నాటికి కరువు పని కట్టేశారు, పంచడానికి డబ్బూ అయిపోయింది. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ళ దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి. క్రైస్తవులను మాత్రం అక్కడికి రమ్మని, కొత్తవాళ్ళను వెంట తీసుకురావద్దని క్లౌ కబురు పంపాడు. కబురు ఎవరూ లెక్క చేయలేదు. పల్లెలకు పల్లెలే కదిలి వచ్చాయి. అతను గోడ ఎక్కి నిలబడి, ఇక ఇవ్వడానికి తన దగ్గర డబ్బు లేదనీ అందరూ ఇళ్ళకు పొమ్మనీ చెప్పాడు. వాళ్ళు కదల్లేదు. తమకు డబ్బు అక్కర్లేదన్నారు. కష్టపడే తిన్నాం, కావాలంటే చేతుల్లో బొబ్బలు చూసుకోమన్నారు. ఈసారీ వానలు పడకపోతే చచ్చిపోతాం, చస్తే క్రైస్తవులుగానే చస్తాం, బాప్తిస్మం ఇయ్యమన్నారు.

ఇక్కడ దాచకుండా చెప్పాల్సిన విషయం ఒకటుంది. క్లౌ మనసు మారడానికి ఈ మాటలు ఒక్కటే కారణం కాదు. కతోలిక గురువులు ఆ ప్రాంతానికి వస్తున్నారనీ, తాను కాదన్నవాళ్ళకు వాళ్ళు బాప్తిస్మం ఇచ్చేస్తారనీ అతనికి తెలిసింది. పోటీ కూడా తలుపు తీయించింది. అయినా తీసిన తలుపులోంచి వచ్చినవాళ్ళ నిజాయితీకి ఆ పోటీతో సంబంధం లేదు.

జూన్ 16న మొదటి బాప్తిస్మాలు జరిగాయి. ఆ తర్వాత చెట్ల కింద విచారణ. ఏ పల్లె వాళ్ళను ఆ పల్లె బోధకుడి దగ్గర కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ అడగడం. తెలియనివాళ్ళను ఆగమన్నారు. జూలై 2న 614 మంది నీళ్ళలోకి దిగారు.

జూలై 3. ఉదయం ఆరింటికే రేవులో జనం. దీక్ష పొందిన బోధకులు ఆరుగురు. ఒకేసారి ఇద్దరే నీళ్ళలో దిగారు. వాళ్ళు అలసిపోతే ఇంకో ఇద్దరు. పేరు పిలవడం, మనిషి నడుం లోతుకు నడిచి రావడం, బోధకుడు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేర చెప్పవలసిన మాట పూర్తిగా చెప్పి వెనక్కి వాల్చి ముంచి లేపడం. తడిసిన మనిషి గట్టెక్కేసరికి మరో పేరు. తోసుకోవడం లేదు, మాట మింగడం లేదు. పదకొండింటికి ఆపి, రెండింటికి మళ్ళీ మొదలుపెట్టారు. మొత్తం తొమ్మిది గంటలు. పొద్దుగూకేసరికి లెక్క 2,222.

అంతమంది నీళ్ళలో దిగిన ఆ రోజున క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పక్కనే తోపులో ఉండి, అంతా పద్ధతిగా నడిచేలా చూసుకున్నాడు. బోధకులే నీళ్ళలో నిలబడ్డారు. ఆ రోజు ఘనత వాళ్ళది.

ఈ వార్త విన్న పశ్చిమ దేశాల వాళ్ళలో కొందరికి మరో ముడి విడిపోయింది. పెంతెకొస్తు పండుగ నాడు యెరూషలేములో 3,000 మంది బాప్తిస్మం పొందారని అపొస్తలుల కార్యాల్లో ఉంది. ఒక్కరోజులో అంతమందిని ముంచడం సాధ్యమా అని పండితులు వాదించుకునేవారు. వెల్లంపల్లి లెక్క వేసి చూడండి. ఇద్దరు బోధకులు, తొమ్మిది గంటలు, 2,222 మంది. మనిషికి అర నిమిషం పట్టింది.

మర్నాడు మరో 700 మంది. మూడు రోజులకు కలిపి 3,536. జూన్ 16 నుంచి డిసెంబరు 31 దాకా 9,606. ఎనిమిది మంది సభ్యులతో 1867 జనవరి 1న మొదలైన సంఘం ఇది. పన్నెండేళ్ళలో పన్నెండు వేలు దాటింది.

నరకానికి భయపడి వచ్చారా, దయకు కరిగి వచ్చారా అంటే, రెండూ కలిసే ఉంటాయని నా నమ్మకం. పక్క పాకలో పీనుగ లేచిన రాత్రి ముసలమ్మకు నరకం మాటే గుర్తొస్తుంది. కానీ నరకభయం ఒక్కటే అయితే, వానలు పడి బతుకు మీద ఆశ పుట్టగానే జారుకునేవాళ్ళు. పనికి సరిపడా కూలి కొలిచి, జబ్బుపడితే మందిచ్చి, రాత్రి పక్కన కూర్చున్న బోధకుడి ముఖంలో వాళ్ళు చూసిన దేవుడు లెక్కలు తీసి కాల్చేవాడు కాదు. ముట్టుకోకూడదన్న మనిషిని పేరు పెట్టి పిలిచి, చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి దింపిన దేవుడు.

ఒంగోలు మాదిగపల్లెల క్రైస్తవాన్ని బియ్యానికి అమ్ముడుపోయిన మతం అనేవాళ్ళు ఇవాళా ఉన్నారు. ఆ మాట అనేముందు వాళ్ళు తేదీలు చూడాలి. కూలి దొరికిన పదిహేను నెలలూ బాప్తిస్మాలు లేవు. 2,222 మంది గుండ్లకమ్మలో దిగిన రోజుకు కరువు పని లేదు, పంచడానికి డబ్బు లేదు.