నన్ను లోపలికి రానివ్వకండి

బాన్సువాడ చుట్టుపక్కల పేకాట స్థావరం మీద పోలీసులు దాడి చేశారంటే ఎవరూ ఉలిక్కిపడరు. చెరుకు తోటలోనో, బోరు షెడ్డులోనో ఇంతమంది దొరికారు, ఇంత నగదు, ఇన్ని సెల్‌ఫోన్లు, ఇన్ని బైకులు స్వాధీనం అని జిల్లా పేజీలో నాలుగు లైన్లు వస్తాయి. ఆ నాలుగు లైన్లలో ఎన్నడూ కనిపించని మనిషి ఒకడున్నాడు. ఆట మానాలని పోలీసుల కంటే, ఇంట్లోవాళ్ల కంటే తనకే ఎక్కువగా ఉన్నవాడు. వడ్ల డబ్బు ఖాతాలో పడిన రోజు తన మీద తనకే భరోసా లేనివాడు. అలాంటివాడి కోసం ప్రపంచంలో ఒక ఏర్పాటు పుట్టింది. పుట్టించింది కూడా అలాంటివాడే.

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో 1994లో నది పడవల మీద కేసినోలు మొదలయ్యాయి. జనం ఒళ్లు మరిచి ఆడతారని ప్రభుత్వానికి ముందే తెలుసు. అందుకే ఒక విడతలో 500 డాలర్లకు మించి పోగొట్టుకోకూడదని హద్దు గీసింది. ఆ హద్దు సరిపోని ఒక పౌరుడు రాష్ట్ర గేమింగ్ కమిషన్‌ను ఆశ్రయించాడు. నన్ను ఏ పడవా ఎక్కనివ్వకండి అన్నది అతని విన్నపం. మోసగాళ్లను, నేరస్థులను కేసినోల్లోకి రానివ్వకుండా పెట్టే జాబితా ఎలా ఉంటుందో కమిషన్‌కు తెలుసు. ఏ తప్పూ చేయనివాడు తనంతట తాను వచ్చి పేరు రాసుకోమంటే ఏం చేయాలి? దానికి జవాబుగా 1996లో ఒక స్వచ్ఛంద జాబితా తెరిచారు. కెనడాలోని మానిటోబాలో 1989లోనే ఇలాంటిది మొదలైంది కానీ, అమెరికాలో రాష్ట్రమంతటికీ ఒకే జాబితా మొదట పెట్టిన ఖ్యాతి మిస్సోరీదే.

ఆ దరఖాస్తు గట్టిది. అధికారి ఎదుట సంతకం చేయాలి, ఫొటో ఇవ్వాలి. మళ్లీ కేసినోలో అడుగుపెడితే అక్రమ ప్రవేశం కింద నన్ను అరెస్టు చేయవచ్చని తానే ఒప్పుకోవాలి. మొదట్లో అది జీవితాంతపు కట్టడి. 2012 నుంచి ఐదేళ్ల తర్వాత పేరు తీయించుకునే వీలు ఇచ్చారు.

మన దగ్గర ఇలాంటిది లేదనుకోకండి. అయ్యప్ప మాల వేసుకున్నవాణ్ణి చూడండి. 41 రోజులు నల్లబట్టలు, మెడలో మాల. నిన్నటిదాకా పక్కన కూర్చోబెట్టుకుని ముక్కలు పంచినవాళ్లే ఎదురుపడితే ‘స్వామీ’ అని పక్కకు జరుగుతారు. మందుకు పిలిచేవాడుండడు, పత్తాలకు పిలిచేవాడుండడు. దీక్ష పట్టడం అతని పని, దాన్ని కాచేది ఊరు. మాల తీశాక ఆ కాపలా ఉండదు. కొన్ని ఇళ్లలో ఆడవాళ్లు ఆ రోజుకే భయపడతారు. మిస్సోరీ చేసిందల్లా ఆ కాపలాను కాగితం మీద పెట్టి, పడవ యజమానికి బాధ్యతగా అంటగట్టడం.

అంతమాత్రాన అది మంత్రదండం కాలేదు. కెనడాలోని క్విబెక్‌లో పేరు రాయించుకున్న 220 మందిని అడిగి 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. చేరాక ఆట పూర్తిగా ఆగిందన్నవాళ్లు 30 శాతం. అంతకుముందు కూడా ఒకసారి పేరు రాయించుకున్నవాళ్లలో మూడోవంతుకు పైగా, గడువు తీరకముందే కేసినోకు వెళ్లొచ్చారు. నాకు మాత్రం ఆ 30 శాతం చిన్నగా కనిపించదు. అవి అన్ని సంసారాలు.

అసలు లోపం బ్రిటన్‌లో ఒక కోర్టు కేసులో బయటపడింది. పందెపు కుక్కల శిక్షకుడొకడు నా ఖాతా మూసేయండని విలియం హిల్ సంస్థను అడిగాడు. వాళ్లు ఆ మాట నిలబెట్టుకోలేదు. అతను 20 లక్షల పౌండ్లకు పైగా పోగొట్టుకుని దావా వేశాడు. 2008లో కోర్టు అతనికి పరిహారం ఇవ్వలేదు. వాళ్లు తలుపు మూసినా ఇతను ఇంకోచోట ఆడి ఎలాగూ మునిగేవాడే అన్నది కోర్టు తేల్చిన మాట. తీర్పు కఠినమే కానీ, ఒక్క తలుపు మూస్తే చాలదన్న నిజం అందులో ఉంది. 2018లో బ్రిటన్‌లో గామ్‌స్టాప్ అనే ఉమ్మడి జాబితా వచ్చింది. ఒకసారి పేరిస్తే లైసెన్సున్న ఆన్‌లైన్ సంస్థలన్నీ ఆ మనిషికి తలుపు మూయాలి. 2020 మార్చి ఆఖరు నుంచి అందులో చేరడం సంస్థలకు తప్పనిసరి. గడువు ఆరు నెలలా, ఏడాదా, ఐదేళ్లా అన్నది మన ఇష్టం, కానీ మధ్యలో మనసు మారితే కుదరదు. సింగపూర్‌లోనైతే మనిషి తన పేరు తాను రాయించుకోవచ్చు, కుటుంబ సభ్యులు కూడా అతన్ని ఆపమని అర్జీ పెట్టుకోవచ్చు.

ఇక మన సంగతి. రమ్మీ నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టు చెప్పింది 1967లో, సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులోనే. ఆ మాట నీడలో క్లబ్బులు బతికాయి, తర్వాత ఆన్‌లైన్ రమ్మీ పెరిగింది. 2017లో తెలంగాణ చట్టం సవరించి డబ్బు పెట్టి ఆడే రమ్మీని, ఆన్‌లైన్ ఆటలను కూడా నిషేధించింది. 2023 ఏప్రిల్‌లో కేంద్రం ఐటీ నియమాల్లో, తాను పెట్టుకున్న సమయం, డబ్బు హద్దు దాటితే ఆటగాడు తనను తాను తప్పించుకునే వీలుండాలని రాసింది. ఆ నియమాలు అమలుచేయాల్సిన స్వీయ నియంత్రణ సంస్థలు ఏర్పడనే లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బాటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది.

నిషేధం సరైనదే. అయితే మూతపడింది చట్టానికి లోబడినవాడి దుకాణం. విదేశీ సర్వర్ల మీద నడిచే యాప్‌కు, బోరు షెడ్డులో చాప పరిచేవాడికి నా పేరు కొట్టేయండని అర్జీ ఇవ్వలేం. కాబట్టి మన కాపలా డబ్బు దారిలో ఉండాలి. బ్రిటన్‌లో మోంజో బ్యాంకు 2018లో జూదపు చెల్లింపులను ఆపే మీట పెట్టింది. దాన్ని తిరిగి తెరవాలంటే బ్యాంకువాళ్లతో మాట్లాడి, 48 గంటలు ఆగాలి. ఆ 48 గంటల్లోనే ఉంది కిటుకంతా. మన రిజర్వు బ్యాంకు కూడా 2020లో, కార్డు మీద ఆన్‌లైన్ చెల్లింపులు ఆపుకునే, పరిమితి తగ్గించుకునే వీలివ్వాలని బ్యాంకులను ఆదేశించింది. మంచి పనే, కానీ ఆపినవాడే అదే అర్ధరాత్రి మళ్లీ తెరుచుకోగలడు.

అక్రమ యాప్‌లు ఎవరెవరి ఖాతాల్లోకో డబ్బు వేయించుకుంటాయి కాబట్టి ఏది జూదపు చెల్లింపో బ్యాంకు పసిగట్టడం కష్టం. అందుకని రోజుకు ఖాతా నుంచి వెళ్లే మొత్తానికే హద్దు కావాలి. తగ్గించుకుంటే ఆ క్షణమే అమలు కావాలి. పెంచుకోవాలంటే రెండు రోజులు ఆగాలి, ఖాతాదారు ముందే కోరి ఉంటే భార్యో తండ్రో సంతకం పెట్టాలి. కోరినవాళ్లకే ఇది వర్తించాలి. మానసిక సాయానికి 14416 టెలి మానస్ ఉంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు కూడా అదే దరఖాస్తు మీద అచ్చువేయాలి. వడ్ల డబ్బు పడే నెలల్లో బాన్సువాడ బ్యాంకుల్లో ఆ దరఖాస్తు ఎవరినీ అడగకుండానే కౌంటర్ మీద దొరకాలి.